తొండూరులో దిగిపోయిన మా చుక్కి

మా చిన్నప్పుడు అన్నం ముందర కళ్ళు మూసుకోవాలంటే మాకు భయం... ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా పిల్లి చుక్కి కళ్ళు తెరిచేది!

జమ్మలమడుగులో మా నాయన బడిపంతులు. మాది కిరస్తానం ఇల్లు. నాయన వాళ్ళమ్మ, అంటే మా జేజి, ప్రార్థన చేశాకే ఎవరైనా ముద్ద నోట్లో పెట్టాలి. ఆ ప్రార్థనేమో చాలా పొడుగు... ఊళ్ళో జ్వరాలు వచ్చినవాళ్ళ పేర్లన్నీ అందులో వచ్చేవి. "ఆమెన్" అని కళ్ళు తెరిచేసరికి ఎవరో ఒకరి సంగటి పక్కన ఎండుచేప ఉండేది కాదు.

"దేవుని పేరు చెప్పుకునేంత సేపు గూడా ఓర్చుకోదు, దొంగముండ!" అని జేజి పొరక ఎత్తేది. చుక్కి అప్పటికే అటకెక్కి మూతి తుడుచుకుంటూ ఉండేది.

తెల్ల పిల్లి, నుదుట నల్ల చుక్క. నేనూ, ఐదేళ్ళ మా చెల్లెలు రూతూ అచ్చంగాయలు ఆడుతుంటే ఎగరేసిన రాయిని మాకన్నా ముందు అదే కొట్టేసేది. పుల్లకు గుడ్డపీలిక కట్టి లాగితే వసారా అంతా పల్టీలు... ఉట్టి మీది పాలకుండ కోసం రోటి మీది నుంచి ఎగిరి, అందక కిందపడి, ఏమీ జరగనట్టు కాలు నాక్కునేది. పడక మాత్రం రూతు పక్కలోనే.

ఒక ఎండాకాలం నాయనకు పులివెందులకు బదిలీ అయింది. చుక్కి అప్పుడు నిండు సూలుతో ఉంది. నాయన వద్దన్నా రూతు ఏడ్చి ఏడ్చి ఒప్పించింది. మూత ఉన్న గంపలో దాన్ని పెట్టి, పైన పాతచీర కప్పి బస్సెక్కాం.

"గంపలో ఏముంది అవ్వా?" అన్నాడు కండక్టరు.

"కోడిపెట్ట నాయనా," అంది జేజి. ఆమె నోట అబద్ధం వినడం నాకదే మొదలు.

అంతలో గంపలోంచి "మ్యావ్..."

"మీ పెట్ట శానా బాగా కూస్తాందే!" అన్నాడాయన. బస్సంతా ఒకటే నవ్వు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కండక్టరు కూడా నవ్వి ఊరుకున్నాడు.

తొండూరులో ఇంజనుకు నీళ్ళు పోయడానికి బస్సు ఆపారు. చుక్కి ఎండకు రొప్పుతోందని రూతు మూత కాస్త తీసి నీళ్ళు పట్టబోయింది. అంతే... చుక్కి కిటికీలోంచి దూకి, రోడ్డు పక్క ఇంటి దొడ్డిలోకి పరిగెత్తి, గడ్డివామి చాటున మాయమైంది.

పిలిచాం... వెదికాం... డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"బస్సు మనకోసం ఎంతసేపని నిలబడుతుందమ్మా? పిల్లి యాడన్నా బతుకుతాదిలే," అన్నాడు నాయన.

జేజి ఆ దొడ్లోనే కూలబడింది. "కడుపుతో ఉండే దాన్ని తెలీని ఊర్లో ఇడిసి పోతామా? మీరు పోండి. నేను రాను."

రోజూ పొరక ఎత్తే మా జేజేనా ఈమె అని నేను నోరు తెరుచుకుని చూశాను.

ఆ ఇంటావిడ, ఓబుళమ్మ, బయటికి వచ్చింది. సంగతంతా విని, జేజికి చెంబుతో మజ్జిగ ఇచ్చి పక్కనే కూర్చుంది.

"పెద్దమ్మా, మీరు నిమ్మళంగా పోండి. కడుపుతో మా ఇంటికొచ్చింది... కూతురు పురిటికొచ్చినట్టే. నేను చూసుకుంటా. పిల్లలు కండ్లు తెరిసినాక వచ్చి తోడుకోని పోండి."

జేజి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు గానీ లేచి బస్సెక్కలేదు. పులివెందుల చేరేదాకా రూతు ఆ ఖాళీ గంపను ఒళ్ళోనే పెట్టుకుంది.

కొత్త ఇంట్లో రూతు సరిగా తినేది కాదు. జేజి ప్రార్థనలో జ్వరాలవాళ్ళ తర్వాత చుక్కి పేరూ చేరింది... "ఆ మూగజీవికి సుఖంగా కానుపు చెయ్యి తండ్రీ" అని. ఇప్పుడు ఎంతసేపు కళ్ళు మూసుకున్నా చేప చేపలాగే ఉండేది. అదే మాకు బాధగా ఉండేది.

ఒకరోజు ఓబుళమ్మ భర్త సంతకు వచ్చి, అడుగుతూ అడుగుతూ మా ఇల్లు పట్టుకున్నాడు. గడపలో నిలబడే, "సారూ, మీ బిడ్డ కనింది! తల్లీ పిల్లలూ బాగుండారు!" అన్నాడు. జేజి లోపలికి ఉరికి, గుప్పెడు చక్కెర తెచ్చి ఆయన నోట్లో పోసింది.

బడి సెలవు చూసుకుని అందరం తొండూరు వెళ్ళాం. శెనక్కాయల మూటల మధ్య, పాత చాటలో మెత్తటి గుడ్డలు పరిచి ఉన్నాయి. చుక్కి మమ్మల్ని చూసి లేచి వచ్చి, రూతు కాళ్ళకు ఒళ్ళు రాసుకుంది. ఒక పిల్ల కుయ్యిమనగానే మళ్ళీ వెళ్ళి చాటలో పడుకుంది.

"మీ బిడ్డను తోడుకోని పోండి," అంది ఓబుళమ్మ. అంది గానీ, దాని వీపు మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

రూతు ఆ చేతినీ, చాటలోని పిల్లల్నీ చూసింది.

"చుక్కి ఈడనే ఉండనీ జేజీ... మళ్ళా గంపలో పెడితే దానికి భయమైతాది. మనకు ఒక పిల్ల చాలు."

ఓబుళమ్మ రూతును దగ్గరికి తీసుకుని, గౌను ఒడి నిండా శెనక్కాయలు పోసింది. "పుట్టింటికొచ్చినోళ్ళు వట్టిచేతుల్తో పోకూడదు," అంది.

తెచ్చుకున్న బూడిదరంగు పిల్ల ఆరోజే రూతు చంకలో దూరి గుర్రు పెట్టింది. ఆ తర్వాత ఏటా కొత్త శెనక్కాయలు వాళ్ళింటి నుంచి మాకు, క్రిస్మస్ కజ్జికాయలు మా ఇంటి నుంచి వాళ్ళకు... రూతు పెళ్ళికి ఓబుళమ్మ ముందురోజే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది.

ఇప్పుడు ఆ దారిలో కారద్దాలు ఎత్తుకుని పోతున్నాం... ఊర్లన్నీ బోర్డు మీది పేర్లే. అయినా మొన్న మా వీధిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తలుపు తట్టి, "మా పిల్లి మీ మెట్ల కింద దూరిందండీ, ఏమనుకోకండి" అంది. కాఫీ పెట్టి కూర్చోబెట్టాను... పొద్దు వాలేదాకా మాటలే మాటలు!

మరి మీ ఇంటి పిల్లి మిమ్మల్ని ఎవరికి చుట్టాల్ని చేసింది? చెప్పండి... వినాలని ఉంది.