గుండుగొలనులో చుట్టిన కాయిల్

వాయిద్యంలో ఏముంది, అంతా చేతిలోనే ఉందని సన్మానసభల్లో చెబుతారు. ఆ మాట వింటే విజయ్‌కుమార్‌కి ఒళ్లు మండేది. చెయ్యి సంగతికొస్తే తనది దుర్గారాజు చేతికన్నా చురుకు. అయినా ఏలూరు ఆర్కెస్ట్రాలో జనం తల తిప్పి చూసేది దుర్గారాజు వైపే.

విజయ్‌కుమార్ వాళ్లది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. అతని గిటారు మీద ఓ విదేశీ ఘనుడి సంతకం బంగారు రంగులో ఉంటుంది. దాంతోపాటు వచ్చిన సర్టిఫికెట్టుని ఫ్రేము కట్టించి కొట్లో తగిలించాడు. సంతకం అచ్చేసిందేనని, ఆ మహానుభావుడు దాన్ని ముట్టుకోనైనా లేదని కొట్లో గుమాస్తాకి కూడా తెలుసు.

దుర్గారాజుది కొల్లేటికోట. గుండుగొలనులో హైవే పక్కన, చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మూతబడ్డ ఆర్కెస్ట్రాల అటకల మీంచి, చర్చి గదుల మూలల్లోంచి నలభై ఏళ్ల నాటి చవక గిటార్లు పట్టుకొస్తాడు. వంగిన మెడ సరిచేస్తాడు, తుప్పు గీకుతాడు, తీగల కింద ఉండే పికప్ విప్పుతాడు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్టిన కాయిల్. మోటార్లు చుట్టే చెయ్యి దాన్నీ చుడుతుంది. ఎన్ని చుట్లన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

ఆర్కెస్ట్రా యజమాని నిత్యానందం ఓ రోజు తేల్చేశాడు. "కొల్లేటికోట జాతరకి ఇద్దరు లీడ్ గిటారిస్టులు వద్దండీ. రిహార్సల్లో ఎవరి గిటారు బాగా పలికితే వాళ్లు ముందు నిలబడతారు. రెండోవారు వెనక రిథమ్. సీజనంతా అంతే."

పన్నెండేళ్లుగా ముందు నిలబడ్డ విజయ్‌కుమార్‌కి అన్నం సయించలేదు. సంతకం గిటారు పట్టుకుని గుండుగొలను వెళ్లాడు.

"దీన్ని కూడా మీ గిటారులా పలికించండి, దుర్గారాజు గారూ."

దుర్గారాజు తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "నేను చేసేదేముందండీ! అన్నీ అయిపోయిన గిటారిది."

మెచ్చుకున్నాడో వెక్కిరించాడో విజయ్‌కుమార్‌కి అంతుపట్టలేదు. పోతూ పోతూ దుకాణాన్ని కళ్లతో గాలించాడు. బల్ల మీద వార్నిష్ డబ్బా, పక్కన తడితడిగా మెరుస్తున్న కాయిళ్లు, ఆరబెట్టే పొయ్యి. రహస్యం దొరికిందనుకున్నాడు.

ఏలూరులో క్యాథరిన్ అనే రిటైర్డ్ టీచరు దగ్గర ఆమె అన్న వాయించిన పాత గిటారుందనీ, దానికోసం దుర్గారాజు ఆదివారం వెళ్తున్నాడనీ తెలిసింది. విజయ్‌కుమార్ శనివారమే గుమ్మంలో వాలాడు. సరుకు మార్కెట్‌కి చేరకముందే దారిలో లారీ ఆపి కొనేయడం వాళ్లింట్లో తాతల నాటి విద్య.

"దుర్గారాజు గారికి మాటిచ్చానండీ" అందావిడ.

"ఆయనే పంపారండీ" అన్నాడు, కన్ను ఆర్పకుండా.

గిటారు కొని ఇంటికొచ్చి, దాని పికప్ విప్పి, వార్నిష్‌లో ముంచి, భార్య హిమజ కేకులు చేసుకునే ఓవెన్లో పెట్టాడు.

"ఏవండీ, ఏంటండీ ఆ కంపు?"

"సంగీతం."

"అయితే నేను చెవులతో పాటు ముక్కు కూడా మూసుకోవాలన్నమాట."

కాయిల్ లోపలి ప్లాస్టిక్ అప్పడంలా వంకర్లు పోయింది. రాగి తీగ ఎక్కడో తెగింది. గిటారు మూగబోయింది.

తెల్లారితే రిహార్సల్. గత్యంతరం లేక మళ్లీ గుండుగొలను వెళ్లాడు. దుర్గారాజు ఆ గిటారును చూడగానే గుర్తుపట్టాడు. క్యాథరిన్ గారు ముందే ఫొటో పంపారు.

"వార్నిష్ ఏరేటర్లకండీ. వీటికి కొవ్వొత్తి మైనం" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. రెండు మోటార్లు పక్కన పెట్టి, మధ్యాహ్నమంతా కూర్చుని కొత్తగా చుట్టిచ్చాడు.

రిహార్సల్లో అది దుర్గారాజు సొంత గిటారునే మించి పలికింది. జాతరలో విజయ్‌కుమార్ ముందు నిలబడ్డాడు. ఈలలు మోగాయి. ఆ ఊరివాడైన దుర్గారాజు తన ఊళ్లోనే వెనక రిథమ్ కొట్టాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆ మొహమే విజయ్‌కుమార్ ఈలల్ని చేదు చేసింది.

కార్యక్రమం అయ్యాక నిత్యానందం మైకు విజయ్‌కుమార్ నోటి దగ్గర పెట్టాడు. "ఇంత తీయటి గిటారు ఎవరి చేతి పనండీ?"

"నాదేనండీ, నేనే చేసుకున్నాను."

నాలుగడుగుల దూరంలో దుర్గారాజు స్పీకరు వైర్లు చుడుతున్నాడు. విన్నాడు. చేతులు ఆగలేదు.

వారం తిరక్కుండా ఉల్లిపాయల కొట్టు ముందు నలుగురు వాద్యగాళ్లు పాత గిటార్లతో నిలబడ్డారు. "మీరు చుడతారటగా!" మైకులో అన్నమాట కాదనడమెలా? నాలుగూ కార్లో వేసుకుని గుండుగొలను చేరాడు. దారి పొడవునా ఓ కథ అల్లుకున్నాడు. అది చెప్పే అవసరమే రాలేదు.

"అక్కడ పెట్టండి" అన్నాడు దుర్గారాజు. "మీ పేరు మీదే చేస్తాలెండి."

ఇలాంటివాణ్ణి మంచివాడనడం లోకం అలవాటు. విజయ్‌కుమార్‌కి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఈలోగా దుర్గారాజు ఓ గిటారు విప్పి, లోపలి కాయిల్ చూసి "అబ్బో!" అని తనలో తానే నవ్వుకున్నాడు. ఎదుట మనిషున్నాడన్న సంగతే మర్చిపోయాడు.

సర్టిఫికెట్టు వచ్చిన రోజున కూడా విజయ్‌కుమార్ అలా నవ్వలేదు. వెళ్లిపోదామని లేచినవాడు, స్టూలు లాక్కుని, ఆ చేతులు కనబడేంత దగ్గరగా కూర్చున్నాడు.