తొక్కని మెట్టు

డెబ్బై తొమ్మిదిలో, డెట్రాయిట్ దగ్గర ఓ చిన్న ఊళ్ళో, ఒక ముసలావిడ ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళం. మాలో మేము ఆవిడను మామ్మగారు అనుకునేవాళ్ళం. ఆ ఊరి వాగు మీద మొదటి పిండిమర కట్టింది ఆవిడ ముత్తాత. మర ఎప్పుడో పోయింది. మిగిలిందల్లా వీధి గుమ్మం ముందు మెట్టుగా పరిచిన పెద్ద తిరగలి రాయి.

తిరగలిని కాలితో తొక్కడమే! మా అమ్మ చూస్తే వీపు చిట్లగొట్టేది. కాళ్ళకు స్నో బూట్లు, రెండు చేతుల్లో గ్రోసరీ సంచులు, అయినా సరే ఎగిరి దాటేదాన్ని.

"ఏదో ఒకరోజు కాలు విరగ్గొట్టుకుంటావ్, హాస్పిటల్ డ్యూటీ నాకు" అని మా ఆయన ఎగతాళి. మామ్మగారు మాత్రం నవ్వేది కాదు. ఆవిడెప్పుడూ వెనక గుమ్మంలోంచే తిరిగేది. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను.

వరలక్ష్మీ వ్రతం రోజు ఆ రాయి కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. మామ్మగారు చూసి గడ్డిలోనే కూలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆ ఎర్ర రంగేమిటి?" అంది.

"లక్ష్మి కదండీ, ఆడపిల్లకి పెట్టినట్టు పెట్టాను" అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆవిడ భోరుమంది. అరిగిపోతే మళ్ళీ గంట్లు కొట్టి గరుకు చెయ్యడానికి పైకెత్తిన ఆ రాయి జారి, కింద ఆడుకుంటున్న ముత్తాత కూతురి మీద పడిందట. ఊరివాళ్ళ గోధుమలు ఆగిపోతాయని ఆయన మర్నాడే వేరే రాయితో మర తిప్పించాడట. భార్య ఈ రాయిని దొర్లించి తెప్పించి, వీధి గుమ్మంలో వేయించింది. "ఇక దీన్ని తొక్కుకుంటూ ఇంట్లోకి రా" అందట. ఆయన చచ్చేదాకా ఆ గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళెవరూ తొక్కలేదు. ఆ పిల్ల మాటా ఎత్తలేదు.

"అద్దెకొచ్చినవాళ్ళు తొక్కుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నువ్వొక్కదానివే దాటావు. నేను పోతే వెనకనుంచే తీసుకెళ్ళమని చెప్పు. నాకింకెవరూ లేరు" అంది నా చెయ్యి పట్టుకుని. మాటిచ్చాను.

మూడేళ్ళకి, జనవరిలో పోయింది. వెనక మెట్ల నిండా మంచు గడ్డకట్టింది, స్ట్రెచర్ దిగదు అన్నారు వచ్చినవాళ్ళు. బతిమాలాను, చేతులు జోడించాను. "సారీ, మేడమ్" అన్నారు. తీరా వీధి తలుపు తీసేసరికి నాకు ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు.

"పిల్లని తొక్కకండిరా!" అని తెలుగులోనే అరిచాను.

పెద్దావిడ కోసం ఏడుస్తున్నాననుకుని ఒకతను టోపీ తీశాడు. చక్రాలు రాయి మీదినుంచే పోయాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా గుండెల్లో ఉంది.

మధ్యాహ్నం తడిగుడ్డతో రాయి తుడిచాను. బొట్టు పెడదామంటే చెయ్యి రాలేదు. మా ఆయనకి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పి ఏడ్చాను.

సాయంత్రం కారు ఆగింది. ఎంతకీ పైకి రాడే! కిటికీలోంచి చూస్తే, మోకాలిలోతు మంచులో ఇల్లు చుట్టి వెళ్ళి, పారతో వెనక మెట్లు గీకుతున్నాడు.