సిలువయ్య కప్పు పరీక్ష

సిలువయ్య ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు కొట్టి చూడందే కూర్చోడు. ఇత్తడి పొన్ను వేసిన పొడుగాటి వెదురు కర్ర ఎత్తి నాలుగు మూలలా టక్ టక్‌మనిపించి, చెవి ఒగ్గి విని, "భద్రం, కూసోండ్రి" అంటాడు. ఆ ఇంటివాళ్లు అప్పటికే కూర్చుని ఉంటారు, అది వేరే సంగతి. చంద్రపూర్ బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు సర్దారుగా ఆయన పని అదే. కప్పు గట్టిగా ఉందని ఆయన కొట్టి చెప్తేనే కూలీలు లోపలికి అడుగుపెట్టేవారు. రిటైరయ్యాక ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు.

క్రిస్టినాను కొడుక్కి అడగడానికి ఆవర్‌పూర్ వెళ్లినప్పుడూ అంతే. పిల్ల చాయ్ పళ్లెంతో వచ్చేసరికి కాబోయే మామ స్టూలు మీద ఉన్నాడు.

"ఏంది బావా, ఇల్లు గిట్ల కొంటవా?" అన్నాడు ఆమె తండ్రి.

"లేదు బావా, ఈ మూలకు జర బోలు చప్పుడొస్తుంది. పిల్లను గటు జరగమను."

పిల్ల జరిగింది. పెళ్లికి వారం ముందు ఆ మూల పెచ్చు నిజంగానే ఊడిపడింది. అయినా సిలువయ్య మీద ఎవరికీ గౌరవం పెరగలేదు.

కాపురానికి వచ్చాక క్రిస్టినాకు మధ్యాహ్నం నిద్ర లేదు. రెండింటికి దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడమంటాయి. ఆ వెంటనే మామ టక్ టక్. రెండేళ్లు ఓర్చుకుంది. తొంభై నాలుగులో భర్త ఏబెల్ కలర్ టీవీ తెచ్చి, అది పెట్టే గది కప్పుకు కూడా రంగు వేయించినప్పుడు ఇక ఆగలేకపోయింది.

"మామా, ఇగ కర్ర బంద్. కొత్త రంగుకు చుక్కలు పడ్తయి."

"బంద్ అంటే బందే బిడ్డా" అని ఆయన కర్రను బీరువా వెనక పెట్టేశాడు.

మర్నాటి నుంచి మోతీకి ఏదో అయింది. మోతీ కుక్క. పుట్టింటి నుంచి క్రిస్టినా తెచ్చుకున్న ప్రాణం అదొక్కటే. బట్టలుతికే బండ వెనక దూరి వణుకుతుంది. లోపలికి రాదు, రొట్టె ముట్టదు.

"టీవీల బొమ్మలు చూసి జడుసుకుంది" అంది అత్త సౌభాగ్యమ్మ. టీవీని మళ్లీ డబ్బాలో పెట్టారు. మోతీ రాలేదు. రంగు వాసన పడలేదేమోనని కిటికీలన్నీ తెరిచి గుగ్గిలం వేశారు. ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి దగ్గారు గానీ మోతీ మాత్రం లోపలికి పోలేదు. పశువుల డాక్టరు నోరు తెరిపించి చూసి, మరాఠీలో ఏమీ కాలేదని చెప్పి, మూడు రకాల గోళీలు రాశాడు. ఏమీ కానిదానికి మూడు గోళీలెందుకో క్రిస్టినాకు అర్థం కాలేదు. అసలు ఆ వారం ఆమెకు ఏదీ అర్థం కాలేదు.

"గిట్లనే ఉంటే సచ్చిపోతది. ఐతారం దాకా చూస్త, తర్వాత గోండ్‌పిప్రిల మా దోస్తు పొలం కాడ ఇడిసొస్త" అన్నాడు ఏబెల్.

శనివారం మధ్యాహ్నం ఆమెకు నిద్రపట్టక వాకిట్లో కూర్చుంది. రెండయింది. నేల అదిరింది. మోతీ బండ వెనక నుంచి తల బయటపెట్టి, ఆమె వైపు కాదు, కుర్చీలో ఉన్న మామ వైపు చూసింది. మామేమో దొంగలా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మామా, అది నీదిక్కెందుకు చూస్తుంది?"

"నాకేమెరుక బిడ్డా."

"మామా."

సిలువయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వొచ్చిన కొత్తల బ్లాస్టింగుకు ఇది మంచం కిందికి ఉరికేది. నేను కప్పు కొట్టి భద్రం అంటే బయటికొచ్చి పండేది. రెండేండ్లు గట్లనే అలవాటైంది."

"మరి వారం సంది నోరెందుకు ఇప్పలే?"

"చెప్తే, మళ్ల కర్ర పట్టనీకి సాకు అంటరని."

క్రిస్టినాకు నవ్వొచ్చింది, దాని వెంటే సిగ్గూ వేసింది. బీరువా వెనక నుంచి కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కొత్త రంగు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. "భద్రం" అన్నాడు సిలువయ్య. మోతీ లోపలికి వచ్చి, గది నడుమ కాళ్లు చాపుకుని, ఆమె చేతిలోని రొట్టె సగం తింది.

"నీకు గంత భయమైతే ఎట్ల మామా? మన ఇల్లు గట్టిదే గద" అంది ఆమె.

"నాకేం భయం? కప్పు మంచిదో కాదో కొట్టకున్నా, చూస్తే చాలు తెలుస్తది నాకు. అయినా గనిల నాలుగు దెబ్బలు కొట్టేటోణ్ణి. ఆ చప్పుడు ఇనకుంటే లోపలికొచ్చేటోళ్ల కాళ్లు ముందుకు పడవు బిడ్డా. ఇంట్ల గూడ రోజూ ముందుగాల నీ మంచం మీది కప్పే కొట్టేటోణ్ణి."

రెండేళ్లు తన నిద్ర పాడుచేశాడనుకున్న మనిషి మీద ఆమెకు ప్రేమ పొంగుకొచ్చింది.

మర్నాడు చర్చిలో పాట మొదలవబోతుంటే సిలువయ్య లేచి కర్ర ఎత్తి నాలుగు మూలలా కప్పు కొట్టాడు. ఏబెల్ మామూలుగానే తల దించుకున్నాడు. జనం వెనక్కి తిరిగి చూస్తుంటే క్రిస్టినా గొంతు పెంచి అంది:

"మామా, పాస్టరుగారి నెత్తి మీది కప్పు కొట్టుడు మరిచినవ్."