సీటు మీద చాపిన కాలు

బస్సు కంటే టికెట్ తక్కువని వికారాబాదులో తాండూరు పోయే ప్యాసింజర్ రైలు ఎక్కాను. ఎదురుగా ఒక పిల్ల బూటు కాలు సీటు మీద చాపి, ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతోంది. ఇద్దరూ విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం పక్క రోడ్డున సైకిల్ తొక్కుతారట.

"మనుషులు కూసునే జాగ గది. కాలు తియ్యి," అని గదమాయించాను.

"తీస్త అవ్వా," అని నవ్వి, ప్యాంటు మడిచి, మోకాలి కింద ఏదో నొక్కి, బూటుతో సహా కాలు ఊడదీసి కింద పెట్టింది.

చేతిలోని మరమరాలు ఒళ్లో ఒలికిపోయాయి.

ఆ పిల్ల మళ్లీ ఫోన్‌లో పడింది. "కాలు పోయినంక సైకిల్ తొక్కుడు ఇదే మొదటిసారి, నిజమే. అట్లని పాపమనుకొని ఎత్తే లేని సాపు రోడ్డు పెట్టకు. మరీ ఎత్తులు గూడ వద్దే. దిగి నడవాలంటేనే నాకు పరేషాన్."

ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నడుమ ఒక్క ఎత్తు ఉంది అవ్వా. ఎక్కితే సముద్రం మొత్తం కనబడ్తదట. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

"ఎక్కలేకపోతే?"

"పడ్త."

ఇంట్లో ఎవరేం అడిగినా ముందు వద్దనే అంటాను నేను.

"ఉంచు బిడ్డా," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని బిత్తరపోయాను.

తాండూరులో దిగిపోయాను. పేరు కూడా అడగలేదు. ఎక్కిందో, పడిందో తెలియదు. విశాఖ వైపు వాన అని టీవీలో చెప్తే మాత్రం చేతిలో పని ఆపి వింటాను.