భాగ్య మేడం మొక్కలకు నీళ్ళు

భాగ్య మేడం కంటికి ఖాళీ చేతులు కనబడకూడదు. కనబడ్డాయో, వాటిలో ఏదో ఒక పని పెట్టేదాకా ఆవిడకు ముద్ద దిగదు. అవి ఎవరి చేతులు, ఎంత పెద్దవాళ్ళ చేతులు అనే విచారణ ఏమీ ఉండదు. ఆవిడ మా యూనివర్సిటీలో బాటనీ ప్రొఫెసరు. ఆ డిపార్ట్‌మెంటు ఆఫీసులో నేను సూపరింటెండెంటుని. కాబట్టి ఈ విషయంలో నాకంటే అనుభవం గలవాడు క్యాంపస్‌లో గానీ తార్నాకలో గానీ ఇంకొకడు లేడని ఘంటాపథంగా చెప్పగలను.

ఒకసారి విద్యార్థులు స్కాలర్‌షిప్పుల కోసం మా బిల్డింగు మెట్ల మీద ధర్నాకు కూర్చున్నారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లంతా వెనక గుమ్మం వెతుక్కుంటుంటే, భాగ్య మేడం తిన్నగా వాళ్ళ మధ్యకు వెళ్ళి, లేడీస్ హాస్టల్ మెస్సుకు వచ్చిన చింతపండు బస్తా దింపించింది.

"నినాదాలు నోటితోని ఇస్తరు గద బిడ్డా. చేతులేం జేస్తున్నయ్? గింజలు తీయుండ్రి."

సాయంత్రానికి డిమాండ్లు ఒక్కటీ నెరవేరలేదు గానీ చింతపండు మాత్రం అద్దంలా తయారయింది. ఇంకోసారి తనిఖీకి వచ్చిన కమిటీ పెద్దల చేత గాజు సీసాలకు లేబుళ్ళు అంటించింది. వాళ్ళు మంచి గ్రేడే ఇచ్చి వెళ్ళారు. ఇవ్వకపోతే రెండో బీరువా కూడా తెరుస్తుందని భయపడి ఉంటారు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ధైర్యం చేసి ఒకసారి అడిగాను.

"ఒక్కనికి ఎంతని పని చెప్తనయ్యా ఓబులేసూ? రెండు దినాలల్ల పారిపోతడు. నువ్వు ఊకె నిలబడ్డవేంది? ఆ కిటికీ తుడువు."

అలాంటి మనిషి చేతికి నేను మంచాన పడి దొరికిపోయాను. నిరుడు వానల్లో లాలాపేట్ దారిలో స్కూటరు జారి నా తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి, ఇంటికి పంపారు. ఇంట్లో కర్ర పట్టుకుని నడవమన్నారు, నడిచాను. మెట్లు దిగమన్నారు, అది మాత్రం నా వల్ల కాలేదు. మాది తార్నాకలో మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి ఒక్క మెట్టు, ఒకే ఒక్క మెట్టు అని బతిమాలేవాడు. పైమెట్టు దగ్గర నిలబడి కిందికి చూస్తే నాకు పాతాళం కనిపించేది. రేపు చూద్దాంలే నాయనా అని వెనక్కి వచ్చేసేవాణ్ణి.

అసలు బాధ నా కాలు కాదు. మా ఆవిడ అన్నపూర్ణ జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ, మా సీమ తిరగలి పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఏళ్ళ తరబడి సాగింది. గడువు పొడిగించగా పొడిగించగా, ఆ నెలాఖరు ఆఖరి గడువు. అది దాటితే రిజిస్ట్రేషనే రద్దు, ఇన్నేళ్ళ కష్టం గంగపాలు. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే నేను స్కూటరు మీంచి పడ్డాను.

సాయానికి జమ్మలమడుగు నుంచి మా అక్క శ్యామలాంబ వచ్చింది. వచ్చిన రోజే, అన్నపూర్ణ నా మంచం పక్కన ల్యాప్‌టాప్ తెరవడం చూసింది.

"ఏమ్మే, మొగుడు మంచాన పడుంటే నీకు పాటలు కావాల్సొచ్చినాయా?"

అన్నపూర్ణ మూత మూసేసింది. "పోనీలెండి, మీ కాలు కంటే ఎక్కువనా" అని నాతో నవ్వుతూనే అంది. నువ్వు రాసుకోవే, అక్క మాటలకేం అన్నాను. కానీ ఎప్పుడు రాసుకుంటుంది? అప్పటికే పరామర్శలు మొదలైపోయాయి.

మన పరామర్శల సంగతి చెప్పేదేముంది! వచ్చిన ప్రతివాడూ ఆపిల్ పళ్ళ సంచితో వస్తాడు, కుర్చీలో దిగబడతాడు, ఇక లేవడు. ప్రతివాడికీ అచ్చం నాలాగే రాడ్డు వేయించుకుని, ఆ రాడ్డు లోపల వంకరపోయిన మేనమామ ఒకడుంటాడు. ఆ మేనమామ కథ పూర్తయ్యేలోపు టీ రావాలి. నెమ్మదిగా తాగుతుండగా ఇంకొకరు వస్తారు, ఇంకో మేనమామను తెస్తారు. పొయ్యి మీంచి టీ గిన్నె దిగేది కాదు. అన్నపూర్ణ వంటింట్లోంచి బయటికొచ్చేది కాదు. అందరూ నన్ను చూడటానికే వచ్చేవారు, అందరికీ చేసేది మాత్రం ఆవిడ.

అలాంటి ఒక సాయంత్రం భాగ్య మేడం వచ్చింది. చేతిలో ఆపిల్ పళ్ళు లేవు, పెద్ద సంచి నిండా చిక్కుడుకాయలున్నాయి.

"విరిగింది కాలా, చెయ్యా?"

"కాలు మేడం."

"చేతులు మంచిగనే ఉన్నయ్ గద." సంచి నా ఒళ్ళో బోర్లించింది. "ఈనెలు తీయ్."

మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు బిక్షపతి అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చోబోతున్నాడు. ఆవిణ్ణి చూసి సగంలో ఆగిపోయాడు.

"సార్‌ని చూసిపోదామని వచ్చిన మేడం."

"చూడు, ఎవరొద్దన్నరు? కండ్లతోని సార్‌ని చూడు. చేతులతోని చిక్కుడుకాయ జూడు."

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. ఆవిడ క్లాసులు చూసుకుని రోజూ వచ్చేది, వచ్చినవాణ్ణి వచ్చినట్టు పనిలో పెట్టేది. ఎకనామిక్స్ ప్రొఫెసరుగారు టీ పెట్టారు. హిస్టరీ ఆయన కప్పులు కడిగారు. లెక్కల ఆయన నా లుంగీలు మడతపెట్టారు, అవి ఒక్కటీ సమానంగా రాలేదు. మేనమామల కథలు మాయమయ్యాయి. ఉల్లిపాయలు తరిగేవాడికి ఎవరి మేనమామ గుర్తొస్తాడు?

కింద ఇంట్లో ఉండే దానయ్య రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మహా తెలివైనవాడు. పని తప్పించుకోవడానికి కుడిచేతికి ఉత్తుత్తి కట్టు కట్టుకుని వచ్చాడు.

"అయ్యో, చేతికేమైంది అన్నా?" అంది మేడం జాలిగా.

"బెణికింది మేడం, కదల్తలేదు."

"కాళ్ళు మంచిగనే కదుల్తున్నయ్ గద. పోయి పాలప్యాకెట్లు పట్కరా. ఎడమచెయ్యి ఉన్నది."

మా అక్క మాత్రం ఎదురుతిరిగింది. "యాడన్నా ఉండాదా ఇది? నేను పేషెంటుకు అక్కను. నాకే పని చెప్తావా?"

"అక్కా, సీమ రాగిసంగటి అంటే గిట్లుంటది అని జనం చెప్పుకోంగ విన్న గని తినలే. నీ చేతిది తినకుంట నేను గీడికెళ్లి కదల."

అక్క పడిపోయింది. ఆ మరునాటి నుంచి వంటిల్లు అక్క ఏలుబడిలోకి వెళ్ళింది. వచ్చినవాళ్ళ చేత సంగటి కెలికిస్తూ, "ఏమప్పా, ఇంత సదువు సదివి తెడ్డు పట్టుకునేది రాదా?" అని డాక్టరేట్లందరినీ ఏకిపారేసేది. ఇన్ని రోజుల్లో అక్క మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. కానీ ఒకరోజు మేడం చూపు అన్నపూర్ణ మీద పడింది.

"నువ్వేంది ఖాళీగ నిలబడ్డవ్? మా మాలి ఊరికి పోయిండు. క్వార్టర్ల నా మొక్కలన్నీ ఎండుతున్నయ్. కాలేజీకెట్లాగూ సెలవు పెట్టినవ్ గద, రేపటిసంది, పొద్దుగాల పోయి నీళ్ళు పోసి పొద్దుగూకినంక రా."

నాకు ఒళ్ళు మండింది. "మేడం, నెలాఖరుకు ఆమె థీసిస్ ఇవ్వాల!"

"థీసిస్ ఏమన్న ఎండిపోతదా? ఎండేది మొక్క."

అక్కన్నా అడ్డుపడుతుందనుకున్నాను. "చెట్టూచేమకు నీళ్ళు పోస్తే పుణ్యమే. పోయిరామ్మే" అంది. మర్నాడు పొద్దున్నే అన్నపూర్ణ కూడా భుజానికి సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇక రోజూ అదే. పొద్దున్నే వెళ్ళేది, సాయంత్రం కళ్ళు ఎర్రగా చేసుకుని, నడుం పట్టుకుని వచ్చేది. "ఎన్ని ఉండాయే ఆ మొక్కలు?" అని అడిగితే, "చాలా ఉన్నాయండీ" అనేది. బాటనీ ప్రొఫెసరు ఇల్లు కదా, నల్లమల అడవే పెంచుతోందేమో అనుకున్నాను. ఉన్న నాలుగు రోజులూ ఇలా నీళ్ళలో పోసేస్తుంటే నా భార్య పట్టా ఏం కావాలి? మేడాన్ని నిలదీశాను. ఆవిడ వెల్లుల్లిపాయలు నా ముందు పోసి, పొట్టు తీయమని వెళ్ళిపోయింది. ఇంత రాతిగుండె మనిషి భూమ్మీద ఉండదని తీర్మానించుకున్నాను.

గడువు ముంచుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాను. బిక్షపతి వరండాలో గోరుచిక్కుడు గిల్లుతున్నాడు.

"బిక్షపతీ, నీ కారు తియ్యప్పా. మేడం క్వార్టర్స్‌కు పోదాం. నా పెండ్లాం మాలిపని చేసేదానికి పుట్టలేదు."

బిక్షపతి మొహం పాలిపోయింది. "వద్దు సార్. గాడ... మొక్కలకు నీళ్ళు పోసి పోసి అంతా తడితడి ఉంటది సార్. జారుతరు."

"జారితే ఇంకో రాడ్డు వేపిచ్చుకుంటా, పద!"

అన్నాళ్ళు దిగని మెట్లు, కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టుకూ మేడాన్ని ఒక్కో మాట తిట్టుకుంటూ దిగేశాను. తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, మెట్లు అయిపోయాయి. కిందికి వచ్చి కారెక్కాక గానీ నేను చేసిన ఘనకార్యం నాకు తెలియలేదు.

క్యాంపస్‌లో మేడం క్వార్టర్ ముందు దిగాను. మొక్కల కోసం చూశాను. లేవు. ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. అక్కడ బట్టలారేసే తీగ ఉంది, మొక్క లేదు. గుమ్మం పక్కన కుండీలో ఒకే ఒక్క కలబంద ఉంది, దానికి నెలకోసారి నీళ్ళు పోసినా ఎక్కువే.

తలుపు తోశాను. భోజనాల బల్ల నిండా కాగితాలు. మధ్యలో ల్యాప్‌టాప్ ముందు అన్నపూర్ణ. నన్ను చూసి అదిరిపడి లేచింది.

"మీరెట్లా వచ్చారు? మెట్లు ఎట్లా దిగారు?"

"అది తర్వాత. మొక్కలు యాడే?"

"భాగ్యక్కకు మొక్కలు పెంచటం ఎక్కడొచ్చండీ! ఆమె సబ్జెక్టు నాచు. సీసాల్లోంచి తీసి మైక్రోస్కోపు కింద చూసేది."

నేను కుర్చీలో కూలబడ్డాను.

"చదువుకోవడానికి వెళ్తానంటే వదిన ఊరుకునేదా? అదే పెద్దావిడ పని చెప్పిందంటే ఊరుకుంది" అంది అన్నపూర్ణ. "ఇంట్లో ఉంటే టీలతోనే తెల్లారిపోయేది. వచ్చినవాళ్ళకు భాగ్యక్క పనులు చెప్పబట్టే కదా నేను వంటింట్లోంచి బయటపడింది. బిక్షపతి తనే వచ్చి ఇంటర్నెట్ పెట్టించిపోయాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదు కదండీ."

నాకు సిగ్గేసింది, దానికి వందింతలు సంతోషమేసింది. ఇన్ని రోజులూ ఆ మనిషి నన్ను చూడ్డానికి వస్తోందనుకున్నాను. ఆవిడ వచ్చింది అన్నపూర్ణ కోసం. భాగ్య మేడం పని చెప్పేటప్పుడు మేమంతా పని పడ్డవాణ్ణే చూసి నవ్వుకునేవాళ్ళం. ఆ పని ఎవరి నెత్తి మీంచి దిగిందో ఒక్కనాడూ చూడలేదు.

"ఇంకా ఎంత ఉందే?"

"ముగింపు ఒక్కటే."

"అయితే రాసుకో. నేను రాలేదు, నేనేం చూడలేదు."

ఇంటికి వచ్చేసరికి హాల్లో మేడం, అక్క ఇద్దరూ ఉన్నారు. నా చేతిలో కర్ర, కాళ్ళకు చెప్పులు చూసి మేడానికి విషయం అర్థమైపోయింది. అక్క ముందు నోరు జారకూడదని ఒట్టు పెట్టుకున్నాను గనక, చాలా తెలివిగా మొదలుపెట్టాను.

"మీ మొక్కలు చూసొచ్చినాను మేడం. ఏపుగా పెరిగినాయి. ఇంకొక్క రెండు రోజులు నీళ్ళు పోస్తే చాలు."

"సాల్లేప్పా నీ నాటకం!" అంది అక్క. "ఎన్ని పేజీలు ఉండాయంట ఇంగ?"

మేడం, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"నాకు తెలీదనుకుంటిరా? సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. రోజంతా మొక్కలకు నీళ్ళు పోసే మనిషి కాళ్ళకు ఒక్కనాడన్నా బురద చూసినానా?"

"మరి తెలిసి ఎందుకు ఊరుకుంటివే?" అన్నాను.

"ఏం చేసేది? వచ్చిన నాడే నోరు జారితి. పెద్దదాన్ని, అన్న మాట ఎట్ల వెనక్కి తీసుకునేది? మొక్కలంటే నాకూ మర్యాదగా ఉండాది, దానికీ మర్యాదగా ఉండాది." అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "దానికి తెలీని తిరగలి పాటలు, మా అత్త పాడేవి, రాత్రిపూట ఊరికే పాడుకుంటాన్నట్టు వినిపిస్తి. రాసుకునిందో లేదో అడగండి."

రాసుకుందట. చివరి అధ్యాయంలో సగం అవేనట.

ఆఖరి రోజున అన్నపూర్ణ థీసిస్ ఇచ్చేసి వచ్చింది. రసీదు నా చేతిలో పెట్టి, హాల్లో చాప మీద ఒక్క నిమిషం అంటూ నడుం వాల్చి, పట్టపగలు, ఫ్యాను కింద, నోరు తెరుచుకుని నిద్రపోయింది. అంత నిద్ర ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. అక్క వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది.

అప్పుడే లైబ్రరీ నుంచి ఎవరో ఆపిల్ పళ్ళ సంచితో గుమ్మంలోకి వచ్చారు. భాగ్య మేడాన్ని చూసి, అలవాటుగా చొక్కా చేతులు పైకి మడుచుకోబోయారు. మేడం సంచి అందుకుని, నోటి మీద వేలు పెట్టి, గుసగుసగా అంది:

"ఇయ్యాల పనేం లేదయ్యా. చప్పుడు చెయ్యకుంట పో."