డబ్బాలో పారేసిన కెపాసిటర్లు

భర్త పోయాక నెరెయ్దాకు మిగిలింది వీధివైపు వరండా, అందులో ఒక బల్ల, టంకం కరిగించే ఒక వేడిగాలి గన్ను, ఒక పట్టకారు మీటరు. బయామో ఊళ్లో రిపేరుకు కొత్త సామాను దొరకదు. చచ్చిన టీవీ బోర్డులోంచి పీకి, కొనఊపిరితో ఉన్న టీవీలో పెట్టాల్సిందే. పీకినవాటిలో కెపాసిటర్లు ఆవగింజంత ఉంటాయి. వాటి మీద పేరుండదు, అంకె ఉండదు. ఏది మంచిదో ఏది పోయిందో కంటికి తెలియదు. పట్టకారు రెండు మొనల మధ్య పట్టుకుంటే దాని పిడి మీద చిన్న అద్దంలో అంకె పడుతుంది. ఆ అంకె చెప్పిందే మాట.

పెళ్లికి ముందు ఆమె పొగాకు షెడ్డులో ఆకులు ఏరే పని చేసింది. ఆకును వేళ్ల మధ్య నలిపి రకం చెప్పేది. బల్ల దగ్గరికొచ్చాక వేళ్లకు ఆ పని లేకుండా పోయింది, కానీ ఏరే బుద్ధి అలాగే ఉంది. మనుషుల్ని కూడా అలాగే ఏరేది.

కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఉన్నంతసేపూ గన్ను పట్టుకుని బోర్డులు ఖాళీ చేసి, పీకినవన్నీ పళ్లెంలో పోసేది. కరెంటు పోయాక ఆ పళ్లెం తీసుకుని గడప వెలుతురులో కూర్చుని తీరిగ్గా కొలిచేది. మీటరుకు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి దిగుల్లేదు.

మరిది ఎవెలియో పనిచేసే చక్కెర మిల్లు మూతపడటంతో అతన్ని బల్ల దగ్గరికి రమ్మంది. మిల్లులో చెరకు పిప్పి కాల్చి సొంతంగా కరెంటు చేసుకునేవాళ్లు. ఎవెలియోకు పని మధ్యలో ఆగడం అలవాటు లేదు. ఒక చేత్తో గన్ను, ఇంకో చేత్తో పట్టకారు. పీకినదాన్ని పీకినట్టే కొలిచి, బాగుంటే సీసాలో వేసేవాడు, లేకపోతే పాత పాలపొడి డబ్బాలో పారేసేవాడు. సాయంత్రం ఇంటికెళ్తూ ఆ డబ్బాను వీధి చివర చెత్తలో ఒంపి పోయేవాడు.

అతను వచ్చాక పని రెట్టింపైంది, సీసా మాత్రం నిండటం లేదు. అలా కొన్నాళ్లు గడిచాక ఒకరోజు పక్కింటి ఓమారా కాఫీ కప్పు పట్టుకుని వచ్చి బల్ల దగ్గర చతికిలబడింది.

"మీ మరిది నిన్న రిగో గుమ్మంలో నిలబడి ఉన్నాడే" అంది.

రిగో పై వీధిలో రిపేర్లు చేస్తాడు. నెరెయ్దా దగ్గర వస్తువు ఇచ్చినవాళ్లను దారిలోనే మళ్లించుకునే రకం.

"డొమినో ఆడతారులే" అంది నెరెయ్దా.

"ఆడతారు. ఓడినవాడు ఏం ఇచ్చుకుంటాడో మనకేం తెలుసు తల్లీ. నేను చూసింది చెప్పాను, అంతే."

ఆ సాయంత్రం "డబ్బా నేనే పారేస్తాలే" అని నెరెయ్దా తీసి దాచింది. ఎవెలియో ఆగి డబ్బా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఆ చూపు ఆమెకు నచ్చలేదు. తెల్లారి డబ్బా గుమ్మరించి ఒక్కోటీ కొలిచింది. చాలావరకు నిక్షేపంగా ఉన్నాయి. పైగా అన్నీ కెపాసిటర్లే, అందులోనూ పెద్ద విలువవి, అందరూ వెతుక్కుంటూ వచ్చేవి. పీకినవాటిలో రెసిస్టర్లూ బోలెడు, డబ్బాలో మాత్రం ఒక్కటీ లేదు.

దొంగ అయితే ఇంతకన్నా తెలివిగా ఏం చేస్తాడు? మంచిదాన్ని పోయిందంటాడు, చెత్తలో వేస్తున్నట్టు తీసుకెళ్తాడు, రిగో గుమ్మంలో దింపేస్తాడు. ఎవరి కళ్లూ పట్టుకోలేవు. కానీ అతన్ని పొమ్మంటే వాళ్లింట్లో పొయ్యి ఆరిపోతుంది. పైగా ఆయన తమ్ముడు. ఊరికే నింద వేయకూడదు, చేతికి చిక్కాలి.

పొద్దున కరెంటు ఉన్న కాసేపట్లోనే, తను కొలిచి మంచివని తేల్చుకున్న కెపాసిటర్లను ఒక చచ్చిన బోర్డు మీద తనే టంకం పెట్టి అతికించింది. మధ్యాహ్నం మళ్లీ కరెంటు రాగానే దాన్ని ఎవెలియో ముందుకు తోసింది. ఓమారాను సాక్షిగా కూర్చోబెట్టుకుంది. ఆమెకు పిలుపు కూడా అక్కర్లేదు.

ఎవెలియో గన్ను పెట్టాడు, టంకం మెరవగానే పట్టకారుతో ఒకటి లేపాడు, ఒక్క చూపు చూశాడు.

"పోయింది" అని డబ్బాలో వేశాడు. రెండోది కూడా లేపి, "ఇదీ పోయింది" అన్నాడు.

"ఏది పోయింది?" అంది నెరెయ్దా.

"కనబడట్లేదా? ఈ చోట పది ఉండాల్సింది మూడు చూపిస్తోంది."

"పొద్దున నేను కొలిచి అతికించినవి అవి. పొద్దున పది ఉన్నది మధ్యాహ్నానికి మూడెలా అవుతుంది? రిగో ఇంటికి వెళ్లాక మళ్లీ పది అవుతుందా?"

ఎవెలియో మొహం కందగడ్డ అయింది. గన్ను ఆపి పక్కన పెట్టాడు. "రిగో ఎక్కణ్ణుంచి వచ్చాడు మధ్యలో?"

"వాడు రాడు, నువ్వే వెళ్తున్నావుగా" అంది ఓమారా.

"నీ కాఫీ నువ్వు తాగమ్మా." మొనల మధ్య కెపాసిటర్ అలాగే ఉండగా పట్టకారును వదిన చేతిలో పెట్టాడు. "నా కళ్ల మీద నమ్మకం లేకపోతే నీ కళ్లతో చూసుకో వదినా."

ఆమె తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్లు తాకించి అంకె మార్చేస్తుందేమో అన్నట్టు అతను చూస్తున్నాడు. అద్దంలో నాలుగు ఉంది. ఆమె ఏదో అనబోయేలోగా అయిదయింది. ఆమె చెయ్యి కదపలేదు. ఆరు, ఏడు. పెనం మీంచి దించిన రొట్టె చల్లారినట్టు ఆ ఆవగింజ చల్లారుతోంది, అది చల్లారేకొద్దీ అంకె ఎక్కుతోంది. తొమ్మిది దాటి పది దగ్గర నిలబడింది.

డబ్బాలో వేసిన మొదటిదాన్ని తీసి కొలిచింది. పది.

"వేడి మీద కొలుస్తున్నావు నువ్వు" అంది నెరెయ్దా మెల్లగా.

"పీకినప్పుడు కొలవక ఎప్పుడు కొలుస్తారు?"

చల్లారాక కొలవాలని ఆమెకూ ఎవరూ చెప్పలేదు. కరెంటు పోతే తప్ప తీరిక దొరకదు కాబట్టి, తెలియకుండానే చల్లారాక కొలుస్తూ వచ్చింది. ఆ సంగతి ఇప్పుడే తట్టింది. డబ్బాలో రెసిస్టర్లు ఎందుకు లేవో కూడా తట్టింది, వేడికి వాటి అంకె పెద్దగా కదలదు.

"ఇన్నాళ్లూ మంచి సరుకంతా చెత్తలో పోశానన్నమాట" అన్నాడు ఎవెలియో. డబ్బాను పక్కకు నెట్టి, "నువ్వేమో దొంగ అనుకున్నావు" అన్నాడు.

"అనుకున్నాను. తప్పే."

ఓమారా కప్పు తీసుకుని, ఇంట్లో అరటికాయలు వేగుతున్నాయంటూ లేచింది.

మర్నాడు ఎవెలియో పనికి వచ్చాడు. పీకి పళ్లెంలో పోశాడు, పట్టకారు ముట్టుకోలేదు. సాయంత్రం వెళ్తూ వరండా మెట్ల దగ్గర ఆగి, వీధిలో పోయేవాళ్లు చూస్తుండగానే, రెండు జేబులూ బయటికి లాగి దులిపాడు.

"ఎందుకయ్యా అది" అంది నెరెయ్దా.

"నీ నిద్ర కోసం వదినా."

ఆ తర్వాత రోజూ అదే వరస. ఆమె వద్దని మొత్తుకుంది, కోప్పడింది, చివరికి చెప్పడం మానేసింది. అతను జేబులు దులిపే వేళకు పళ్లెం మీదకు వంగి పనిలో ఉన్నట్టు కూర్చునేది, అటు చూడకూడదనుకునేది. అయినా చూసేది.