పెళ్లికూతురు లేని గౌను

ఈ ఉదయం ప్రార్థన అయ్యాక, రోజూలాగే నాంపల్లిలో మా దుకాణం తెరిచి, అద్దెకిచ్చే తెల్ల పెళ్లి గౌన్లను దులిపి తగిలించాను. చెల్లెలి కూతురు సునీత టీ తాగుతూ కాగితం మీద గళ్లు గీస్తోంది. దుకాణం వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే ముందు, దేనికి దేనితో సంబంధమో అలా గీసుకోవాలట. ఒక గడిలో గౌను, ఇంకో గడిలో పెళ్లికూతురు, మధ్యన గీత.

“పెద్దమ్మా, ఒక్కో గౌను శానమంది తొడుక్కుంటరు. తక్కువల తక్కువ ఒక్కరన్న ఉంటరు గదా? గీత పక్కన ఒకటి అని రాస్తున్న.”

“అన్నిటికీ ఉండరు బిడ్డా. గ్రేసు చిన్నమ్మ గౌను ఉంది గద.”

గ్రేసు మా ఆఖరి చెల్లెలు. తన పెళ్లికి తనే గౌను కుట్టుకుని, పెళ్లికి ముందే జ్వరంతో పోయింది. అమ్మ దాన్ని దుకాణం బీరువాలోనే పెట్టి ఎవరినీ ముట్టనివ్వలేదు.

“ఒకటి రాస్తే చిన్నమ్మ గౌనుకు ఇందుల జాగనే ఉండదు,” అంటూ సునీత ఒకటి చెరిపి సున్నా పెట్టింది.

చివరికి కంప్యూటరుకు కూడా మా దుఃఖం చెప్పుకోవాల్సి వచ్చింది. మీరైతే ఆ గౌనును ఏం చేసేవారు?

సాయంత్రం అమ్మకు ఈ సంగతి చెప్పాం. అంతా విని, అద్దె ఇచ్చుకోలేని పిల్ల ఎవరైనా వస్తే ఆ గౌను ఊరికే ఇవ్వమంది. అందరం సరేనన్నాం.